స్టాంపు పేపరు మీద నాన్న

ఆ బుధవారం ఉదయం పదకొండున్నరకు మా ఆఫీసు మీటింగు గదిలో ఉన్నవాళ్లు: మేడం, సిస్టరమ్మ, నాంపల్లి టైపిస్టు, అతని భార్య, మూడు నెలలు దాటిన వాళ్ల పాప, నేను. మొత్తం ఆరుగురం.

ఉన్న వస్తువులు: ఒక బల్ల, ఎనిమిది కుర్చీలు, నా ల్యాప్‌టాప్, గోడకు పెద్ద తెర, ఒక బట్టసంచి, అందులోంచి బయటికి తీసిన ఉగ్గుగిన్నె, మూత బిగించిన పాలసీసా, ఒక స్టాంపు పేపరు. తెర మీద నా నివేదికలో పన్నెండో పేజీ ఉంది. మా కంపెనీలో పెట్టుబడి పెట్టేవాళ్లకు శుక్రవారం చూపించాల్సిన నివేదిక అది. ఆ పేజీలో ఒకే వాక్యం ఉంది: ‘తండ్రులు రారు.’

ఆ వాక్యం రాసింది నేను. అది తప్పు. ఎట్లా తప్పయిందో చెప్పడానికే ఇప్పుడిది రాస్తున్నాను.

ఇట్లాంటి జ్ఞాపకాలు రిటైరైన పెద్దవాళ్లు రాస్తారని తెలుసు. నాకు ముప్పై రెండేళ్లు. నేను రిటైరైంది ఆ ఒక్క ఉద్యోగం నుంచే. అయినా రాస్తున్నాను, ఎందుకంటే కొత్తగా ఉద్యోగంలో చేరి ‘డేటా చెప్తోంది’ అనే మాట వినగానే నోరు మూసుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ చాలామంది కనిపిస్తున్నారు. డేటా ఏమీ చెప్పదు. మనం అడిగినదానికి జవాబిస్తుంది. మనం ఏమడిగామో ఎవరూ చూడరు.

మా ఆఫీసు ఆబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ సందులో, బ్యాంకు ఎదుటి బిల్డింగు మూడో అంతస్తులో ఉండేది. పిల్లల పెంపకం గురించి తల్లులు మాట్లాడుకునే తెలుగు యాప్ మాది. పాలు, నిద్ర, జ్వరం, టీకాలు, అత్తగారు. ఈ ఐదింటి గురించే రోజుకు వందల పోస్టులు వచ్చేవి. కాన్పుల దవాఖానల్లో డిశ్చార్జి రోజున మా మనిషి వెళ్లి బాలింత ఫోనులో యాప్ వేసి, ఖాతా తెరిచి ఇచ్చేది. ఖాతా తెరవగానే ‘మీరు: తల్లి’ అని దానంతటదే పడేది. అది మార్చుకోవాలంటే సెట్టింగుల్లోకి వెళ్లి, నాలుగు పేజీలు దాటి, ‘ఇతరులు’ నొక్కి, అక్కడ ‘తండ్రి’ని వెతుక్కోవాలి. ఆ నాలుగు పేజీలూ కట్టింది నేనే.

ఆ తర్వాత నేనే లెక్క తీశాను. తండ్రులు: ఇద్దరు. వాళ్లలో ఒకరు నేను. పరీక్ష కోసం తెరిచిన ఖాతా అది, నాకు పెళ్లే కాలేదు. మిగిలిన ఆ ఒక్కడెవరో ఇప్పటికీ తెలియదు. ఈ లెక్క చూసే నేను ‘తండ్రులు రారు’ అని రాశాను. మా కంపెనీ పెట్టి నడిపే మేడం చదివి, "శభాష్, సాఫ్ రాసినవ్" అన్నారు. పొంగిపోయాను.

మేడం చెడ్డమనిషి కాదు, ఈ సంగతి ముందే చెప్పాలి. అంతకు రెండు నెలల ముందు ఎవడో మగవాడు ఆడపేరుతో ఖాతా తెరిచి, పాలు పడటం లేదని రాసిన ఒక బాలింతకు చెప్పరాని మెసేజీలు పంపాడు. ఆమె ఏడుస్తూ ఫోను చేస్తే మాట్లాడింది మేడమే. అవతల ఫోను పెట్టేశాక మేడం నా బల్ల దగ్గరికి వచ్చి, "మొగోళ్లు ఎవ్వరున్నా పట్టి బయటికి పంపు. అడుగుడు లేదు, ఆలోచించుడు లేదు" అన్నారు. ఆమె కోపం న్యాయమైనది. దాన్ని పనిలో పెట్టిన తీరు మాత్రం నాది.

ఆడవాళ్ల పేరుతో రాస్తున్న మగవాళ్లను పట్టుకోవడానికి నేను ఏడు గుర్తులు తయారు చేశాను:

ఒకటి, పాలు, మందు ఎంతెంతో ఎం.ఎల్.లలో రాస్తారు. రెండు, నంబర్లు వేసి రాస్తారు. మూడు, మధ్యాహ్నం అన్నం వేళ, సాయంత్రం ఆరు దాటాక మాత్రమే రాస్తారు. నాలుగు, బొమ్మలు, పువ్వులు, గుండెకాయలు పెట్టరు. ఐదు, తమ ఒంటి గురించి ఒక్క మాటా రాయరు. ఆరు, అడిగినదానికే జవాబు కోరతారు, ముచ్చట పెట్టరు. ఏడు, సలహా తీసుకున్నాక తిరిగొచ్చి ఏం జరిగిందో చెప్తారు.

ఏడింట్లో ఐదు కలిస్తే ఖాతా మూత. ‘ఈ వేదిక తల్లుల కోసం. మీ ఖాతా నిలిపివేశాం’ అని మెసేజీ వెళ్తుంది. పదిహేను రోజుల తర్వాత ఆ ఖాతాలోని రాతలు, వాటికి వచ్చిన జవాబులు అన్నీ చెరిగిపోతాయి. ఒక శుక్రవారం సాయంత్రం మీట నొక్కాను. యాభై ఎనిమిది ఖాతాలు మూతపడ్డాయి.

సోమవారం మధ్యాహ్నం మొదటి మనిషి వచ్చింది. ఎదురుగా ఉన్న బ్యాంకులో ఆఫీసరు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టిఫిను డబ్బా. మెట్లెక్కిన ఆయాసంతోనే అడిగింది.

"నన్ను మొగోడన్నది ఎవరయ్యా ఈడ?"

నేను చెయ్యెత్తాను.

"ఎం.ఎల్.లు రాస్తే మొగోన్నా? లెక్క రాసుడు మీ సొత్తా? సిజేరియన్ కుట్లు సూపియ్యాల్నా నీకు?"

మా ఆఫీసంతా నవ్వింది. సిస్టరమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆమె ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, మా దగ్గర తల్లుల ప్రశ్నలకు జవాబులిచ్చేది. బ్యాంకు ఆఫీసరుకు నీళ్లిచ్చి, ఖాతా తెరిపించి పంపాక నా దగ్గరికి వచ్చింది.

"నీ లిస్టు సదివిన బిడ్డా. ఏడింట్ల ఆరు నీకే ఉన్నయ్."

"నేను మగవాడినే కదా సిస్టరమ్మా."

"అవునా? నేను ఇంజినీరువనుకున్న."

మగవాళ్ల గుర్తులని నేను అనుకున్నవి నా గుర్తులని అప్పుడు అర్థమైంది. అర్థమైనా ఏమీ చెయ్యలేదు. శుక్రవారం నివేదికకు ఇంకా పదకొండు రోజులున్నాయి. ఫారాలు, లెక్కలు, రంగుల పటాలు, అవే నా లోకం.

ఖాతాలు మూసిన పదకొండో రోజున టైపిస్టు వచ్చాడు. లోపలికి రాలేదు, మెట్ల దగ్గరే నిలబడ్డాడు. సన్నటి మనిషి, చొక్కా జేబులో మూడు పెన్నులు. నాంపల్లి కోర్టుల దగ్గర అర్జీలు, అఫిడవిట్లు టైపు చేస్తాడు.

"సారూ, మా ఖాతా బందయింది. రాసుడు అవసరం లేదు నాకు. పాత మెసేజీలు సూస్తే సాలు."

"అది తల్లుల ఖాతా అండి."

"ఔ. మా ఇంటామె పేరు మీదున్నది. రాసేది నేను."

పాపకు గ్రహణం మొర్రి. పై పెదవీ అంగిలీ చీలి పుట్టింది. రొమ్ము పట్టలేదు. తల్లి పాలు పిండి ఇస్తే తండ్రి ఉగ్గుగిన్నెతో పడతాడు. ఐదు కిలోలు వస్తే పెదవికి ఆపరేషను చేస్తామని డాక్టరు అన్నాడట. నాలుగు కిలోల మూడు వందల దగ్గర బరువు ఆగిపోయి రెండు వారాలైంది.

"దవాఖానల రెండు నిమిషాలు సూస్తరు సార్. బరువు పెరగాలె అంటరు. ఎట్ల పెరుగుతదో సెప్పేటందుకు టైముండది వాళ్లకు. మీ దాంట్ల సిద్దిపేటామె ఒకామె ఉన్నది. వాళ్ల బాబుకు గిట్లనే ఉండెనట, ఇప్పుడు బడికి పోతుండట. ఆమెను అడిగిన. జవాబొచ్చే ముందే బందయింది."

"రూల్స్ ప్రకారం నేనేం చెయ్యలేనండి. ఏదైనా ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి."

మనిషిని పంపించేయడానికి మా ఆఫీసులో వాడే మాట అది. ఆయన మాత్రం తల ఊపి, "రాసిస్త సార్" అని మెట్లు దిగిపోయాడు. రాతపూర్వకం అంటే నాంపల్లిలో ఏమిటో నాకప్పుడు తట్టలేదు.

ఆయన వెళ్లాక ఆ ఖాతా తెరిచి చదివాను. ముప్పై తొమ్మిది పోస్టులు. ఒక్కోటీ అర్జీలాగా ఉంది. ‘1. ఉదయం ఆరు గంటలకు ముప్పై ఎం.ఎల్. పట్టితిని. 2. అందులో సుమారు పది ముక్కు ద్వారా వెలుపలికి వచ్చినది. 3. ఏడుపు లేదు.’ ప్రతి ఆదివారం బరువు. కింద ఆడవాళ్ల జవాబులు. చివర్లో సిద్దిపేటామె మెసేజీ ఉంది. ఖాతా మూసిన గంట తర్వాత వచ్చింది. పక్కన ‘చదవలేదు’ అనే గుర్తు.

‘పండవెట్టి పడుతున్నట్టున్నరు. కూసున్నట్టు ఎత్తి పట్టుకోండ్రి. నడుమ పొయ్యొద్దు, చెంప దిక్కు పొయ్యండ్రి. ఒక్కసారే ఎక్కువ వద్దు, జర జర, మాటిమాటికి. నడుమ నడుమ తేన్పు తియ్యండ్రి. మా వానికి గిట్లనే ఆగింది, గట్లనే పెరిగింది. దవాఖానల సుత ఒకసారి సూపియ్యండ్రి.’

వాళ్ల ఫోను నంబరు నా ముందు తెర మీదే ఉంది. మూసిన ఖాతాదారులకు ఫోను చెయ్యకూడదని రూలు. నేను రూలు పాటించాను. రెండు రోజులు పాటించాను. ఆ రెండు రోజుల్లో ఆ పాపకు ఎన్నిసార్లు తప్పుగా పాలు పట్టి ఉంటారో లెక్క వేయగలను. వేశాను కూడా. ఆ అంకె ఇక్కడ రాయను. ఈ కథలో నేను సిగ్గుపడే చోటు అదొక్కటే. మిగతాదానికి సిగ్గుపడను.

బుధవారం భార్యనూ పాపనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఈసారి మెట్ల దగ్గర ఆగలేదు. సిస్టరమ్మ వాళ్లను నేరుగా మీటింగు గదిలోకి తీసుకొచ్చింది. మేడం, నేను అక్కడే నివేదిక సరిచూసుకుంటున్నాం. టైపిస్టు నిలబడే, రెండు చేతులతో కాగితం బల్ల మీద పెట్టాడు. స్టాంపు పేపరు. నోటరీ ముద్ర, సాక్షి సంతకం. సాక్షి ఆయన భార్య.

మేడం కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివారు.

"ఈ దిగువ సంతకం చేసిన నేను, వయసు ముప్పై నాలుగు, వృత్తి టైపింగు, ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా. ఒకటి, నేను పురుషుడను."

మేడం నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను. టైపిస్టు నవ్వలేదు. అక్షరదోషం ఏమైనా దొర్లిందేమోనని వంగి చూశాడు.

"రెండు, సదరు ఖాతా కాన్పు జరిగిన దవాఖానలో నా భార్య ఫోనునందు మీ సంస్థవారే తెరిచినది. అందు తండ్రి అని తెలుపుకొను చోటు మాకు కనబడలేదు. మూడు, అందలి ముప్పై తొమ్మిది రాతలు నా భార్య ఎరుకతో, ఆమె సమ్మతితో నేను రాసినవి. నాలుగు, ఇతర తల్లులు రాసుకొనిన స్వంత సంగతులు నా కంటబడిన మాట వాస్తవము. నాకు సంబంధము లేనివి చదవక దాటవేసిన మాటయు వాస్తవము. అందులకు క్షమాపణ కోరుచున్నాను. ఐదు..."

మేడం ఆగారు. ఐదో అంశం గొంతు తగ్గించి చదివారు.

"ఐదు, సదరు పాపకు నేను తండ్రిని."

మేడం కాగితం బల్ల మీద పెట్టి, టైపిస్టును కాదు, ఆయన భార్యను అడిగారు.

"నువ్వెందుకు రాయలేదమ్మా?"

"పాలు పిండుడే సరిపోతది మేడం నాకు. రాసుడు ఆయన పని. ఆయనకు టైపింగు వస్తది కద." ఆమె పాపను భుజం మార్చుకుంది. "సుట్టాలు వచ్చినోళ్లు వచ్చినట్టు గ్రహణం నాడు బయటికి పోయినవా, ఏమన్న కోసినవా అని అడిగిన్రు. మీ దాంట్ల ఒక్కరు గూడ గది అడగలే. ఎన్ని పాలు తాగింది అని అడిగిన్రు. ఈయన రోజూ అన్నం తినేటప్పుడు సదివి వినిపిస్తుండె."

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత చెప్పారు, మెల్లగానే.

"తప్పు మీది కాదు. గాని ఒక్కరికి తెరిస్తే అందరికి తెరవాలె. వాడొకడు ఏం చేసిండో నాకు ఎరుకే. శుక్రవారం అయినాక చూద్దాం."

పదిహేను రోజులు శుక్రవారంతోనే నిండుతాయి. సాయంత్రం ఆరింటికి అన్నీ చెరిగిపోతాయి. ఆ సంగతి గదిలో నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే ఆ గంట పెట్టింది నేను.

నేను ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. నాలుగు మీటలు. ఖాతా తెరుచుకుంది. టైపిస్టు భార్య చేతిలోని ఫోను మోగింది.

"ఏం చేసినవ్?" అన్నారు మేడం.

"తెరిచాను మేడం."

"అడగకుండా?"

"మూసేటప్పుడు మనం వాళ్లను అడగలేదు కదా మేడం."

"ఉద్యోగం వద్దా నీకు?"

"కావాలి మేడం. కానీ పన్నెండో పేజీ తప్పు. నేనే రాశాను, నేనే చెప్తున్నా. తండ్రులు రాకపోవడం కాదు. తండ్రి అని రాసుకునే చోటును నాలుగు పేజీల వెనక పెట్టి, అక్కడికి ఎవరూ రాలేదని లెక్క తీశాను. వచ్చిన ఇద్దరిలో ఒకణ్ని నేను. ఆ పేజీ శుక్రవారం చూపిస్తే, ఇదే మాట నేను వాళ్ల ముందు కూడా అంటాను."

మేడం నా వైపు చూస్తూ ఉండగానే బల్ల అవతల టైపిస్టు సిద్దిపేటామె మెసేజీ చదువుతున్నాడు, పెదవులు కదుపుతూ, కోర్టు కాగితం చదివినట్టు. చదవడం అయ్యాక భార్య భుజం మీంచి పాపను తీసుకున్నాడు. కుర్చీలో కూర్చుని, పాపను నిలువుగా ఎత్తి ఒళ్లో ఆనించుకున్నాడు. సీసా మూత తీసి ఉగ్గుగిన్నెలో కొంచెం పోశాడు. సిస్టరమ్మ వెళ్లి పాప తల వెనక తన చెయ్యి పెట్టింది.

"ఇంకొంచెం పైకి. ఆఁ, గట్ల. సెంప దిక్కు."

ఒక గుక్క. ముక్కులోంచి రాలేదు. రెండో గుక్క. రాలేదు. ఆయన ఆగి, పాపను భుజానికేసుకుని వీపు నిమిరాడు. పాప తేన్చింది. ఆ చిన్న శబ్దం మా అందరికీ వినపడింది. మేడం లేచి వెళ్లి తెర ఆర్పేశారు.

ఇదంతా చూసి మేడం నన్ను కావలించుకున్నారనుకోవద్దు. సాయంత్రం నాకు మెమో వచ్చింది. ‘అనుమతి లేకుండా ఖాతా పునరుద్ధరణ.’ అది నా దగ్గర ఇప్పటికీ ఉంది. డిగ్రీ పట్టా పక్కనే అదే ఫైల్లో పెట్టుకున్నాను. కానీ మెమో ఇచ్చిన మేడమే పన్నెండో పేజీ తీసేశారు, చెరిపివేతను ఆపించారు. మర్నాడు సిస్టరమ్మను కూర్చోబెట్టి యాభై ఎనిమిది నంబర్లకూ ఫోను చేయించారు. తేలినవి: ఆడవాళ్లు పంతొమ్మిది మంది. తండ్రులు ముప్పై ఒక్కరు. తాతలు ఇద్దరు. మేనమామ ఒకడు. ఫోను ఎత్తనివాళ్లు నలుగురు. నిజంగానే మూయాల్సిన ఖాతా ఒకటి.

ఇక ఆ తల్లులను అడగడం మిగిలింది. యాప్‌లో అందరికీ కనిపించే గోడ మీద సిస్టరమ్మ ఉన్నదున్నట్టు రాసింది, మీ మధ్య కొందరు తండ్రులున్నారు, ఏం చెయ్యాలి అని. సిద్దిపేటామె జవాబు అందరికంటే ముందు వచ్చింది.

‘మొర్రి పాప నాయిన సంగతే కదా. మాకు మొదటి వారమే ఎరుక. ఏ తల్లి రాస్తది పట్టితిని, వచ్చినది అని? మీరు అడగలే, మేం చెప్పలే.’

దాని కింద బ్యాంకు ఆఫీసరు: ‘ఎం.ఎల్.లు నేనూ రాస్తా. మల్లా బంద్ చేస్తే మల్లా వస్తా.’

అందరూ ఇట్లాగే అనలేదు. ఒకామె రాసింది, ‘నా కుట్ల గురించి, నా ఒంటి గురించి అక్కడ రాసుకున్నా. మగవాళ్లు చదివారంటే నాకు బాధగా ఉంది.’ ఆమె మాట సరైనది. టైపిస్టు ఆ మాట కిందే నాలుగో అంశాన్ని, ఆ క్షమాపణను, మళ్లీ రాశాడు, ఈసారి స్టాంపు పేపరు లేకుండా. తల్లుల గది తల్లులకే ఉంచి, పక్కన ఇంకో గది కట్టాం. అందులోకి అమ్మా నాన్నా ఎవరైనా రావచ్చు, తమ పేరుతో, తామెవరో చెప్పుకుని. ఖాతా తెరిచేటప్పుడు మొదటి పేజీలోనే అడిగాం: ‘మీరు బిడ్డకు ఏమవుతారు?’ దానంతటదే పడే జవాబు ఏదీ పెట్టలేదు.

ఆరు నెలల తర్వాత అక్కడ మానేశాను. మెమో వల్ల కాదు. కానీ ఆ మెమో తర్వాత, అడగకుండా ఏదీ నమ్మలేని మనిషినయ్యాను. అట్లాంటి మనిషి ఆఫీసులో అందరికీ ఇబ్బందే. అవును, ఇబ్బంది పెట్టాను. ఇప్పుడున్న చోటా పెడుతున్నాను.

ఇప్పటికీ ఎవరో ఒకరు అంటారు, పిల్లల గురించి మాట్లాడుకునే చోట్లకు నాన్నలు రారని. సభల్లో అంటారు, టీ తాగుతూ అంటారు. కొందరు అంకెలు చూపిస్తారు. నేను ఒకటే అడుగుతాను, మీ ఫారం చూపించండి అని. తలుపుకు బయట గడియపెట్టి లోపల ఎవరూ లేరని చెప్పేవాళ్లతో మాట్లాడటానికి నాకింక ఓపిక లేదు. రానివాళ్లు ఉన్నారు, నేను కాదనను. చాలామందే ఉన్నారు. వాళ్లు రాలేదని, వచ్చిన మనిషిని కూడా లేడని రాయను.

కొత్త గదిలో మొదటి పోస్టు ఒక ఆదివారం ఉదయం, ఆ బుధవారం గడిచిన ఐదు వారాలకు పడింది. ఖాతా పేరు పక్కన ‘తండ్రి’ అని ఉంది. మూడు అంశాలు.

‘1. ముక్కు ద్వారా పాలు వచ్చుట చాలావరకు తగ్గినది. 2. సిద్దిపేట సోదరికి మా ఇద్దరి నమస్కారములు. 3. ఈనాటి బరువు ఐదు కిలోల నలభై గ్రాములు.’